చీటీ లేనివాళ్ల అడవి: హ్యూ క్లెగ్‌హార్న్ జీవితం, నల్లమల అంచు పల్లెలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో తూర్పు దిక్కున నల్లమల కనబడుతూనే ఉంటుంది. మహానంది, శిరివెళ్ల, రుద్రవరం, ఆళ్లగడ్డ, చాగలమర్రి మండలాల్లో దళితవాడలు చాలావాటికి ఆ కొండ కూలి చోటు, మేత బీడు, కట్టెల కొట్టం. అయినా అక్కడ కట్టెల మోపు ఎత్తాలంటే భయం. వెదురు నరకాలన్నా, మేకలు తోలాలన్నా గార్డు ఏమంటాడో అన్న భయం. అడవిలో అడుగు పెట్టడానికి సర్కారు చీటీ కావాలనే ఈ పద్ధతి అనాదిగా ఉన్నది కాదు. మద్రాసు రాజధానిలో దాన్ని ఒక శాఖగా, ఒక ఉద్యోగంగా, ఒక ఆదాయ పద్దుగా నిలబెట్టిన మనిషి స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు హ్యూ ఫ్రాన్సిస్ క్లార్క్ క్లెగ్‌హార్న్.

అటవీశాస్త్ర పుస్తకాలు ఆయన్ని భారత శాస్త్రీయ అటవీ నిర్వహణకు ఆద్యుల్లో ఒకరిగా కీర్తిస్తాయి. పర్యావరణ చరిత్రకారులు కొందరు ఆయన్ని తొలినాటి ప్రకృతి రక్షకుడంటారు. ఈ రెండు మాటల్లోనూ నిజముంది. అయితే దళిత కోణం నుంచి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆయన తెచ్చిన చీటీ ఎవరి అవసరాన్ని హక్కుగా చూసింది? ఎవరి అవసరాన్ని దొంగతనంగా చూసింది?

మద్రాసులో పుట్టి, స్కాట్లండ్‌లో పెరిగి

క్లెగ్‌హార్న్ 1820 ఆగస్టు 9న మద్రాసులో పుట్టాడు. తండ్రి అక్కడి సుప్రీంకోర్టులో ఉద్యోగి. తాత పేరు కూడా హ్యూ క్లెగ్‌హార్నే. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన ఆ తాత, డచ్చివాళ్ల చేతిలోని సింహళాన్ని ఇంగ్లీషువాళ్ల చేతికి మార్చడంలో పాలుపంచుకుని, అక్కడ మొదటి కొలోనియల్ సెక్రటరీ అయ్యాడు. అంటే సామ్రాజ్యం ఆ ఇంటికి ఉపాధి. నాలుగేళ్ల వయసులో పిల్లవాణ్ని ఓడ ఎక్కించి స్కాట్లండ్ పంపారు. ఫైఫ్ ప్రాంతంలో స్ట్రావిథీ అనే కుటుంబ ఎస్టేటులో, తాత దగ్గర, చెట్లూ పొలాల మధ్య పెరిగాడు.

ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. ఆ రోజుల్లో మందులన్నీ మొక్కల నుంచే గనుక వైద్య విద్యార్థికి వృక్షశాస్త్రం తప్పనిసరి. 1841లో డాక్టరు పట్టా వచ్చింది. మరుసటి ఏడాది ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసులో దిగాడు. పుట్టిన ఊరికి ఈసారి పాలించేవాడిగా వచ్చాడు.

కొన్నాళ్లకు మైసూరు రాజ్యంలోని షిమోగాకు వేశారు. ఆస్పత్రి పని, జైలు పని చూస్తూనే రోజుకో మొక్కను పరిశీలించడం అలవాటు చేసుకున్నాడు. ఒక మరాఠీ చిత్రకారుణ్ని కొలువులో పెట్టుకుని, తెచ్చిన మొక్కనల్లా బొమ్మ గీయించేవాడు. మొక్కలు వెతికి తెచ్చింది స్థానికులు, వాటి పేర్లూ వాడకాలూ చెప్పింది స్థానికులు. ఆ బొమ్మలు ఇప్పటికీ ఎడిన్‌బరో బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి, క్లెగ్‌హార్న్ సేకరణ అనే పేరుతో.

పడమటి కనుమల్లో ఆయన కంట పడిన మరో సంగతి కుమ్రి. మన దగ్గర పోడు అంటామే, అదే. కొండవాలు మీద చెట్లు నరికి, ఎండాక తగలబెట్టి, ఆ బూడిద నేలలో ఒకటి రెండేళ్లు రాగులూ కొర్రలూ పండించుకుని, నేలను మళ్లీ అడవికి వదిలేసి ఇంకోచోటికి పోవడం. అది పిల్లల కడుపు నింపే సేద్యమని అనుకోకుండా, విలువైన కలపకు పట్టిన చీడగా చూశాడు. ఆ చూపు తర్వాత ఆయన ఉద్యోగ జీవితమంతా మారలేదు.

ఒక నివేదిక, ఒక శాఖ

ఆరోగ్యం చెడి 1848లో సెలవు మీద వెళ్లిన క్లెగ్‌హార్న్ 1850లో ఎడిన్‌బరోలో జరిగిన బ్రిటిష్ సైన్సు సంఘం సమావేశానికి హాజరయ్యాడు. ఉష్ణమండల అడవుల నాశనం వల్ల కలిగే ఫలితాలపై నివేదిక ఇవ్వమని ఆ సంఘం ఒక కమిటీ వేసింది. ఆయన అందులో ముఖ్యుడు. 1851లో వచ్చిన ఆ నివేదిక అడవి పోతే నీటి ఊటలు ఎండుతాయని, వాతావరణం మీద దెబ్బ పడుతుందని, కలప కరువు వస్తుందని హెచ్చరించింది. ఈనాడు పర్యావరణ ఉద్యమకారులు చెప్పే మాటలు కొన్ని అందులో ముందుగానే కనబడతాయి. అందుకే ఆయన్ని కేవలం దోపిడీదారుగా కొట్టిపారేస్తే చరిత్ర సగమే అర్థమవుతుంది.

తిరిగొచ్చాక మద్రాసు వైద్య కళాశాలలో వృక్షశాస్త్ర ఆచార్యుడయ్యాడు. అక్కడి తోటపని, వ్యవసాయ సంఘానికి కార్యదర్శిగా చేశాడు. ఈలోగా మద్రాసు ప్రభుత్వానికి కలప బెంగ పట్టుకుంది. 1856 జులైలో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మొదటి రైలు నడిచింది. పట్టాల కింద మైలుకు 1,760 నుంచి 2 వేల దాకా స్లీపర్లు పరవాలి. 1850లలో ఒక్క మద్రాసు రాజధానిలోనే స్లీపర్ల కోసం ఏటా 35 వేల చెట్లు కూల్చారని చరిత్ర పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. అదే ఏడాది డిసెంబరులో గవర్నరు లార్డ్ హారిస్ ప్రభుత్వం క్లెగ్‌హార్న్‌ను మద్రాసు రాజధాని అడవుల కన్జర్వేటరుగా నియమించింది. రైలు వచ్చిన ఆర్నెల్లకే అటవీ శాఖ రావడం యాదృచ్ఛికం కాదు.

అంతకుముందూ ఒక ప్రయత్నం జరిగింది. 1806లో మలబారులో కెప్టెన్ వాట్సన్ అనే పోలీసు అధికారిని టేకు కలప కోసం కన్జర్వేటరుగా పెట్టారు. ఆయన గుత్తాధిపత్యం మీద కలప వర్తకులు, భూస్వాములు గోల చేస్తే, 1823లో ఆ పదవినే రద్దు చేసింది గవర్నరు థామస్ మన్రో. రాయలసీమకు బాగా తెలిసిన మన్రోనే. దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన రద్దు చేసినప్పుడు లాభపడింది చెట్టున్న ఆసాములు. 33 ఏళ్ల తర్వాత పదవి మళ్లీ వచ్చినప్పుడు లాభపడింది రైల్వే, నౌకానిర్మాణం, ఖజానా. రెండుసార్లూ భూమీ చెట్టూ లేనివాళ్ల ఊసు ఎవరికీ అవసరం పడలేదు.

చీటీ ఎలా పనిచేసింది

క్లెగ్‌హార్న్ ఏడాదిలో చాలా నెలలు గుర్రాల మీద, పల్లకీల్లో, కాలినడకన అడవులు తిరిగాడు. నీలగిరి, అన్నామలై, కెనరా, గోదావరి ప్రాంతాల అడవుల లెక్కలు తీశాడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో దించేశాక కంపెనీ చేతికొచ్చిన నంద్యాల, శిరివెళ్ల ప్రాంతం, దానితోపాటు నల్లమల కూడా మద్రాసు ప్రభుత్వం కిందిదే గనుక ఆయన శాఖ పరిధిలోకి వచ్చింది.

ఆయన పద్ధతి నాలుగు కాళ్ల మీద నిలబడింది. మొదటిది, టేకు, గంధం, జిట్రేగి లాంటి విలువైన చెట్లను సర్కారు సొత్తుగా వేరు చేయడం. రెండోది, కొట్టాలనుకున్నవాడు ముందుగా పర్మిట్ తీసుకుని సీనరేజి కట్టడం. మూడోది, కొన్ని అడవుల్ని పూర్తిగా మూసి, కొత్త తోటలు వేయడం. నీలంబూరులో కలెక్టరు కానొల్లీ 1840లలో మొదలుపెట్టిన టేకు తోటను ఆయన ఆదర్శంగా చూశాడు. నీలగిరుల్లో వంటచెరకు కరువు తీర్చడానికి ఆస్ట్రేలియా చెట్లు నాటాలని ప్రోత్సహించాడు. నాలుగోది, పోడును ఆపడం. 1860లో మద్రాసు ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా సర్కారు అడవుల్లో కుమ్రి చేయరాదని ఆదేశించింది. 1861లో దక్షిణ భారత అడవులు, తోటల మీద ఆయన పుస్తకం అచ్చయింది. ఈ విధానమంతా అందులో నివేదికల రూపంలో ఉంది.

న్యాయంగా చెప్పాలంటే క్లెగ్‌హార్న్ కాంట్రాక్టర్ల దుబారాను కూడా తప్పుబట్టాడు. కాఫీ తోటల దొరలు కొండలు చదును చేయడమూ ఆయన దృష్టిలో పడింది. కానీ శిక్షల బరువు సమానంగా పడలేదు. కాంట్రాక్టరు సీనరేజి కట్టి పర్మిట్ తీసుకోగలడు, తోట దొర భూమి రాయించుకోగలడు. పోడు చేసుకునేవాడికి కట్టడానికి డబ్బూ లేదు, చూపడానికి కాగితమూ లేదు. చీటీ అందరికీ ఒకటే అన్నారు. చీటీ కొనే శక్తి మాత్రం అందరికీ ఒకటి కాదు.

ఇక్కడే కులం సంగతి వస్తుంది. సర్కారు రికార్డుల్లో రైతు అంటే పట్టా ఉన్నవాడు. అతని నాగలికీ బండికీ ఇంటికీ కావలసిన కలప విషయంలో అధికారులు ఎంతోకొంత వెసులుబాటు చూపేవారు, ఎందుకంటే అతను శిస్తు కట్టేవాడు. అమ్మకానికి తీసేది మాత్రం రుసుము కట్టాల్సిన సరుకు. పట్టా లేని మాల, మాదిగ కుటుంబంలో ఆడమనిషి కట్టెలు కొట్టి ఊళ్లో అమ్మితేనే ఆ పూట గింజలు. ఆ మోపు ఏ లెక్కలోకి వస్తుంది? వ్యవసాయ అవసరం కిందికి రాదు. వర్తకం కిందికి వస్తుంది. వర్తకుడి పర్మిట్ ఆమె దగ్గర ఉండదు గనుక దొంగతనం కిందికి వస్తుంది.

తంగేడు చెక్క సంగతీ ఇంతే. దక్షిణ భారతంలో తోలు ఊనడానికి తంగేడు చెక్క, కరక్కాయ ముఖ్యమైన సరుకులు. మాదిగ లందలో ఊనిన తోలుతోనే చెప్పులు, పగ్గాలు, కపిల బానలు తయారయ్యేవి. బావుల కింద పండిన ప్రతి మడీ ఆ తోలు బాన మీద ఆధారపడిందే. అంటే పట్టాదారు సేద్యానికి మాదిగ పని ఎంత అవసరమో, మాదిగ పనికి బీడులో తంగేడు, అడవిలో కరక్కాయ అంత అవసరం. అయినా అటవీ పాలనలో కరక్కాయ వేలం పాడి కాంట్రాక్టుకిచ్చే చిల్లర ఫలసాయం అయింది. లందలో పనిచేసేవాడి అవసరం హక్కుగా నమోదు కాలేదు.

పంజాబు, ఆపై స్వగ్రామం

1861లో క్లెగ్‌హార్న్‌కు స్కాట్లండ్‌లో పెళ్లయింది. అదే ఏడాది భారత ప్రభుత్వం ఆయన్ని పంజాబు పంపింది. హిమాలయాల్లోని దేవదారు కలపను నదుల్లో తేలవేసి రైల్వేకు చేర్చడానికి దారి చూపడం అక్కడి పని. పంజాబు అడవులపై ఆయన నివేదిక 1864లో వచ్చింది. అదే ఏడాది జర్మన్ అటవీ శాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్ మొత్తం దేశానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యాడు. ఆయన సెలవులో ఉన్నప్పుడు ఆ బాధ్యత క్లెగ్‌హార్న్ కొంతకాలం చూశాడు. మద్రాసులో ఆయన కుర్చీ సహాయకుడు బెడ్డోమ్‌కు దక్కింది.

1860ల చివర్లో ఉద్యోగం ముగించి స్ట్రావిథీ చేరాడు. తండ్రి తర్వాత ఎస్టేటు ఆయనదే. అక్కడ చెట్లు పెంచుకున్నాడు, స్కాట్లండ్ వృక్షపాలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు, ఇండియాకు పంపే అటవీ అధికారుల ఎంపికలో సాయపడ్డాడు, ఎడిన్‌బరోలో అటవీ విద్య నిలదొక్కుకోవడానికి కృషి చేశాడు. 1895 మే 16న చనిపోయాడు. సొంత ఎస్టేటులో చెట్టు నాటడానికీ కొట్టడానికీ భూయజమానిగా ఆయనకున్న స్వేచ్ఛ, ఆయన పెట్టిన శాఖ కింద బతికిన పేదలకు ఎన్నడూ లేదు.

ఆయన వెళ్లాక నల్లమల

క్లెగ్‌హార్న్ వేసింది పునాదే. గోడలు తర్వాత లేచాయి. 1865లోనూ 1878లోనూ భారత ప్రభుత్వం అటవీ చట్టాలు చేసింది. 1878 చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం వెంటనే ఒప్పుకోలేదు. అడవుల మీద పల్లెలకు ఏనాటి నుంచో వాడుక హక్కులున్నాయని, వాటిని తుడిచేయలేమని మద్రాసు రెవెన్యూ బోర్డు వాదించింది. మంచి వాదనే. కానీ బోర్డు దృష్టిలో పల్లె అంటే ఊరు. వాడను వేరుగా లెక్కించి, దాని అవసరం అడిగినవాళ్లు లేరు.

చివరికి 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందే ముగిసిన ధాత కరువులో కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లు ఇంకా కోలుకోకముందే అడవికి హద్దురాళ్లు పడటం మొదలైంది. కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువను ప్రభుత్వం కొనుక్కుందీ ఆ 1882లోనే. నీరూ అడవీ ఒకే ఏడాది సర్కారు పద్దులోకి చేరాయి.

చట్టం ప్రకారం ఒక అడవిని రిజర్వు చేయబోతున్నామని ప్రకటించాక, హక్కులున్నవాళ్లు గడువులోగా ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసరు ముందు చెప్పుకోవాలి. చెప్పుకోని హక్కు రద్దయినట్టే. చదువు లేని, కచేరీ మెట్లు ఎక్కనివ్వని వాడల నుంచి ఎంతమంది ఆ గడువులో వెళ్లి మాకు తంగేడు హక్కుంది, కట్టెల హక్కుంది అని రాయించుకోగలిగి ఉంటారో ఊహించడం కష్టం కాదు. 1880లలోనే నంద్యాల నుంచి గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట మీదుగా నల్లమలను చీల్చుకుంటూ రైలు మార్గం వేశారు. దొరబావి వంతెన అప్పటిదే. పేదవాడి గొడ్డలికి మూసిన అడవి రైలుకు తెరుచుకుంది.

పుల్లరి కట్టలేదని పశువుల్ని బందెల దొడ్లో పెట్టడం, అపరాధ రుసుం వేయడం నల్లమల చుట్టూ మామూలయింది. అటుపక్క పల్నాడులో పుల్లరికి ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. అడవి లోపల చెంచులు తమ సొంత నేల మీద అనుమతితో బతికేవాళ్లయ్యారు.

ఇవాళ్టి చీటీ

స్వాతంత్య్రం వచ్చాక చీటీ పోలేదు. 1950లో వనమహోత్సవం మొదలైంది. 1980లలో సామాజిక అడవులు, 1990లలో వన సంరక్షణ సమితులు, ఆపై వనం–మనం, జగనన్న పచ్చతోరణం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా మొక్కలు నాటే పథకం పేరూ మారింది. ఏ పథకానికైనా ముందుగా అడగాల్సింది ఎన్ని లక్షల మొక్కలని కాదు, ఎవరి నేలలో అని. మొక్కలకు దొరికే ఖాళీ జాగా తరచూ ఊరి పోరంబోకు, మేత బీడు, గుట్ట. రికార్డులో ఖాళీగా కనబడే ఆ జాగాలోనే భూమి లేని కుటుంబాల మేకలు మేస్తాయి, పొయ్యి కింద కట్టె దొరుకుతుంది. క్లెగ్‌హార్న్ నీలంబూరు టేకును మెచ్చినట్టే ఇప్పటి అధికారీ వరుసల్లో నిలబడ్డ నీలగిరి మొక్కల్ని మెచ్చుకుంటాడు. అక్కడ అంతకుముందు ఎవరు బతికారో ఆ వరుసలు చెప్పవు.

చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దుతామని 2006లో అటవీ హక్కుల చట్టం చేశారు. గిరిజనులు 2005 డిసెంబరు 13 నాటికి అడవిలో ఉన్నట్టు చూపితే చాలు. ఇతర సంప్రదాయ అటవీవాసులు, అంటే అడవి మీద బతికే దళితులతో సహా మిగిలినవాళ్లు, ఆ తేదీకి ముందు మూడు తరాలు, 75 ఏళ్లు అక్కడే నివసించినట్టు నిరూపించుకోవాలి. లెక్క వేస్తే 1930 దాటి వెనక్కి పోవాలి. ఆనాటి కాగితాలు ఎవరివి? క్లెగ్‌హార్న్ మొదలుపెట్టిన శాఖవి, పట్టాదారుణ్ని మాత్రమే గుర్తించిన రెవెన్యూవి. మా తాతల్ని రాసుకోని రికార్డునే మా తాతల సాక్ష్యంగా తెమ్మంటున్నారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పనిచేసే సంఘాలు ఈ మెలికను పట్టుకోవాలి.

దారి లేకపోలేదు. చట్టం నియమాల్లో 13వది దరఖాస్తుదారు కాని ఊరి పెద్దల వాంగ్మూలాన్ని, పాత బావి, శ్మశానం, గుడి లాంటి ఆనవాళ్లను సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. ఫలానా కాగితమే తెమ్మని కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ చెబుతోంది. 75 ఏళ్ల షరతు నివాసానికే గాని, అడుగుతున్న ఆ నేలను అన్నేళ్లూ సాగు చేసి ఉండాలని కాదని కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ స్పష్టం చేసింది. హక్కు సాగునేలకే పరిమితం కాదు. చిల్లర అటవీ ఫలసాయానికి, మేతకు సామూహిక హక్కు కూడా అడగవచ్చు. దరఖాస్తును మొదట తేల్చేది గార్డూ రేంజరూ కాదు, గ్రామసభ.

అందుకే ఇప్పుడు చేయాల్సిన పని వాడల్లోనే ఉంది. లంద ఎక్కడుండేది, తంగేడు ఏ బీడులో కొట్టేవారు, కట్టెల దారి ఏ కనుమలోకి పోయేది, బందెల దొడ్డికి ఎవరి గొడ్లు తోలారు అన్నది ఎనభై దాటిన అవ్వాతాతలకు ఇంకా గుర్తుంది. వాళ్లు ఉండగానే ఆ మాటలు రాయించి, వేలిముద్ర వేయించి, గ్రామసభ తీర్మానంలో ఎక్కించాలి. క్లెగ్‌హార్న్ రోజుకో మొక్క పేరు రాసుకుని అడవిని సర్కారు పుస్తకంలోకి ఎక్కించాడు. విద్యార్థులు వారానికో వాడ జ్ఞాపకం రాసినా చాలు, ఆ పుస్తకం వదిలేసిన మనుషుల పేర్లు ఈసారి రికార్డులో ఉంటాయి.